నాకు లేని పొగ

నేను ఒక స్కూటర్ని. పెట్రోలు బండిని. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. చేసినవాళ్ళు పెట్రోలు పోసి నడపమన్నారు, పోశారు, నడిచాను. కరెంటుతో నడిచేలా చేసి ఉంటే అలాగే నడిచేదాన్ని. ఏ ఇంట పుట్టాలో ఎంచుకునే వీలు మీకే లేనప్పుడు నాకెక్కడిది? కాకినాడలో ఒక పాత ఇనుము కొట్టు వెనక, చక్రాలూడిన రిక్షాకీ తుప్పు పట్టిన బీరువాకీ మధ్య నిలబడి ఈ మాటలు చెప్తున్నాను. ఇక్కడికి చేరినందుకు నాకు కోపం లేదు. ముసలి బండి ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి రావాల్సిందే. నా కోపం వేరే ఉంది. అది చెప్పేదాకా సుత్తి పట్టుకున్నవాడు కాస్త ఓపిక పడితే చాలు.

ఎక్కడో దూరాన పెద్ద ఫ్యాక్టరీలో పుట్టి, లారీలో తాళ్ళతో కట్టించుకుని ఈ ఊరొచ్చాను. నన్ను మొదట కొన్నది పాపారావు మాస్టారు. కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, హ్యాండిల్‌కి బంతిపూల దండ వేశారు, ఆ పైన దుప్పటి కప్పి వరండాలో పెట్టేశారు. బడికి మాత్రం సైకిలు మీద వెళ్ళేవారు. ఎవరైనా అడిగితే, "రోడ్డు మీద దుమ్మండి బాబూ, బండి పాడైపోద్ది," అనేవారు. ఎక్కడానికి కాదు, ఉందని చెప్పుకోవడానికి కొన్నారన్నమాట. మనుషుల సంగతి నాకు కాస్త కాస్త అర్థం కావడం ఆ వరండాలోనే మొదలైంది. బదిలీ అయినప్పుడు ఆయన నన్ను దుప్పటితో సహా నూకరత్నం గారికి అమ్మేసి వెళ్ళిపోయారు.

నూకరత్నం గారు జగన్నాథపురంలో బట్టలు కుట్టేవారు. కుట్టిన జాకెట్లు ఇంటింటికీ నడిచి వెళ్ళి ఇచ్చి రావడం కష్టమై నన్ను కొన్నారు. నేర్పేవాళ్ళు లేక తనంతట తానే నేర్చుకున్నారు, అంటే నన్ను పడేసి, తాను పడి, మళ్ళీ లేపి. అది చూసి పక్కింటావిడ నాకూ నేర్పండి అంది. ఆవిడ తోడికోడలూ వచ్చింది. బయట నేర్పే చోట మగవాడు వెనక కూర్చుని చేతుల మీద చేతులేసి హ్యాండిల్ పడతాడు, మాకు ఇబ్బందిగా ఉందండి అని ఇంకో నలుగురొచ్చారు. కొన్నాళ్ళకి కుట్టుమిషను మూలకెళ్ళింది. పెయింటర్ని పిలిచి నా ముందు రేకు మీద ఎర్రరంగుతో రాయించారు: "రత్నం లేడీస్ స్కూటర్ ట్రైనింగ్. ఆడవారికి ఆడవారిచే నేర్పబడును." ఆ రాత చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ తర్వాత నా బతుకంతా బడిపక్క ఖాళీ మైదానంలోనే గడిచింది. ఎంతమంది ఆడవాళ్ళు నా మీద నేర్చుకున్నారో లెక్కలేదు. నర్సులు, కిరాణా కొట్టు యజమానురాళ్ళు, పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి మొదటిసారి ఒంటరిగా గడప దాటినవాళ్ళు. అర్ధ ఫర్లాంగు దూరంలో గేదె కనబడితే ఇక్కడే కళ్ళు మూసుకునేవాళ్ళు. పడిపోయాక ముందు చీర చూసుకుని, తర్వాత మోచెయ్యి చూసుకుని, చివర్న నన్ను చూసి "సారీ" అనేవాళ్ళు. గట్టు మీద మొగుళ్ళు నిలబడి "బ్రేకు, బ్రేకు" అని అరిచేవాళ్ళు. వాళ్ళలో సగం మందికి తమ బండి బ్రేకు ఎప్పుడు బాగుచేయించారో గుర్తుండదు. నా ఒంటి మీద గీతలు పడని చోటు లేదు, కాని రత్నం గారు నా ఇంజనుకి మాత్రం లోటు రానివ్వలేదు. టైముకి ఆయిలు, టైముకి సర్వీసు. ఒకరు నడుపుతుంటే తక్కినవాళ్ళు పట్టుకుని నా వెనకే పరిగెత్తాలి కదా, వాళ్ళ మొహాన పొగ కొట్టకూడదని ఆవిడ పట్టుదల.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. నేర్చుకోవడం పూర్తయిన రోజు ఆ అమ్మాయి ఒక కాజాల పొట్లం తెచ్చి, నా ముందు కొబ్బరికాయ కొట్టి, నా లైటు మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఆ పైన రత్నం గారితో, నాతో ఒక ఫోటో. అలాంటి ఫోటోలు ఈ ఊళ్ళో ఎన్ని ఫోన్లలో ఉన్నాయో నాకు తెలియదు. ఒక ఫోన్లో ఉన్నది మాత్రం నా కొంప ముంచింది.

ఆ ఫోను ప్రణవిది. మా దగ్గరికి వచ్చినవాళ్ళందరిలోకీ పిరికిది ఆ పిల్లే. కొత్తగా ఉద్యోగంలో చేరింది, ఆఫీసుకి రోజూ ఆటోలో ఇరుక్కుని పోలేక నేర్చుకుంటానంది. అందరూ పది రోజుల్లో నేర్చుకుని వెళ్ళిపోతే తనకి రాలేదు. పడ్డప్పుడల్లా ఏడ్చేది. రత్నం గారు విసుక్కోలేదు, "బండికి నొప్పుండదమ్మా, ఎక్కు," అనేవారు. నాకు నొప్పి ఉంటుందని ఆవిడకేం తెలుసు, పోనివ్వండి. చివరికి ఒక పొద్దున నా మీద మైదానమంతా చుట్టి వచ్చి, దిగి, రత్నం గారిని కౌగిలించుకుంది. కాజాలు, కొబ్బరికాయ, బొట్టు, ఫోటో, అన్నీ అయ్యాయి.

ఇక ప్రణవి ఉద్యోగం సంగతి. భానుగుడి దగ్గర ఒక చిన్న కంపెనీ. ఫోన్లలో వాడే యాప్‌లు తయారు చేస్తారు. వాళ్ళు అప్పుడు చేస్తున్నది "మారుబండి" అనే యాప్. జనం పెట్రోలు బళ్ళు వదిలి కరెంటు బళ్ళకి మారేలా ప్రోత్సహించాలి, అదీ దాని పని. మంచి పనే, కాదనను. నేను వదిలే గాలి పన్నీరు కాదని నాకు తెలుసు. ఆ యాప్ ఎలా ఉండాలో, తెరమీద ఏ బొమ్మ ఎక్కడ రావాలో గీసేది ప్రణవి. ఇవన్నీ ఆ పిల్ల తర్వాత ఒకరోజు నా సీటు మీద కూర్చుని రత్నం గారికి చెప్పుకుంటే విన్నాను.

మొదట ప్రణవి బుద్ధిగానే గీసిందట. మీ బండి రోజుకి ఎంత పెట్రోలు తాగుతుంది, కరెంటు బండయితే ఎంత మిగులుతుంది, చార్జింగు పెట్టే చోటు మీ ఇంటికి ఎంత దూరం, ఇలాంటివన్నీ చక్కగా అమర్చింది. పదిమందికి చూపిస్తే ఆవలించారు. కంపెనీ యజమాని సుహాస్ గారు తల అడ్డంగా ఊపి, "మనిషి లెక్కలు చూసి మారడమ్మా, సిగ్గుపడితే మారతాడు. యాప్ తెరవగానే ఒక దరిద్రపు బండి కనిపించాలి, దాన్ని చూస్తే అసహ్యం పుట్టాలి," అన్నారట. ఈ మాట అన్నప్పుడు ఆయన డీజిలు కారు ఆఫీసు గుమ్మంలో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, డ్రైవరుకి ఏసీ కావాలి కదా.

ప్రణవి ఒక నల్ల బండి బొమ్మ గీసింది. ఎవరి కంటికీ ఆనలేదు. "ఇది బొమ్మలా ఉంది. మన ఊరి బండిలా ఉండాలి. నేటివిటీ ఉండాలి," అన్నారు సుహాస్ గారు. మర్నాటికి కావాలన్నారు. ఆ పిల్ల ఫోను తీసి వెతికింది. గీతలు పడ్డ రేకు, ఎర్రరంగు రాత, లైటు మీద బొట్టు, నేటివిటీ అంటే ఇంతకన్నా ఏం కావాలి? నన్ను తీసింది. రత్నం గారిని కత్తిరించేసింది, తన్నూ కత్తిరించుకుంది. చట్టం ఒప్పుకోదని నంబరు ప్లేటు మీద మసక పూసింది. రేకు మీది పేరు మాత్రం ఉంచింది, అది తీసేస్తే నేటివిటీ పోతుందట. అంతా అయ్యాక నా వెనక నుంచి నల్లటి పొగ గీసింది. ఉత్త పొగ కాదండి, తెరంతా కమ్ముకుని పక్కనున్న చెట్టు ఎండిపోయేంత పొగ. జన్మలో నేను వదలని పొగ.

అది చాలదన్నట్టు కింద ఒక మీట పెట్టారు, "వీడ్కోలు చెప్పండి" అని. నొక్కితే నేను ఢామ్మని పేలిపోతాను, చప్పట్లు వినిపిస్తాయి, ఒక పచ్చటి కరెంటు బండి వస్తుంది.

మాకీ సంగతి తెలిసింది మైదానంలోనే. నేర్చుకోవడానికి వచ్చినావిడ కూతురు, ఆరేడేళ్ళ పిల్ల, గట్టు మీద కూర్చుని తల్లి ఫోనుతో ఆడుకుంటోంది. ఢాం, చప్పట్లు. ఢాం, చప్పట్లు. రత్నం గారు దగ్గరికెళ్ళి, "ఏంటమ్మా ఆ చప్పుడు?" అన్నారు.

"మీ బండేనండి. పేల్చేస్తన్నాను," అంది ఆ పిల్ల.

రత్నం గారు ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.  ఫోను తిరిగిచ్చేసి నా సీటు తుడిచారు. దుమ్మేమీ లేదు, ఊరికే తుడిచారు.

ఆ యాప్ ఊరంతా పాకింది. బండి మార్చుకోవడానికి కాదు, నన్ను పేల్చడానికి. అన్నం తినని పిల్లల చేతికి ఫోనిచ్చి నన్ను పేల్పించి ముద్ద పెట్టేవాళ్ళట తల్లులు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఈ ఊళ్ళో నేను ఎన్నిసార్లు చచ్చానో ఆ దేవుడికే తెలియాలి. దాన్ని చూసి ఎవడైనా పెట్రోలు బండి వదిలాడా అంటే అదీ లేదు. పెట్రోలు బండి మీదే కూర్చుని, సిగ్నల్ దగ్గర ఆగి, నన్ను పేల్చి నవ్వుకుని, పచ్చలైటు పడగానే బుర్రుమని పోయేవాళ్ళు. ఇంతమంది వాడుతున్నారు, యాప్ హిట్టని సుహాస్ గారు ఆఫీసులో కేకు కోయించారట.

ఇక్కడ మాత్రం మా బతుకు మీదికొచ్చింది. రేకు మీద పేరుంది కదా. టీకొట్టు దగ్గర "పొగ మేడం గారొచ్చేరు" అని నవ్వడం మొదలైంది. ఒక అత్తగారు కోడల్ని మధ్యలో మానిపించేసింది, ఆ పొగకి ఊపిరితిత్తులు చెడిపోతాయంట అని. మిగతావాళ్ళు ఏ మాటా చెప్పకుండానే రావడం మానేశారు. రత్నం గారు నన్ను తీసుకెళ్ళి పొల్యూషన్ పరీక్ష చేయించారు. ఎప్పట్లాగే పాసయ్యాను. ఆ సంగతి ఆవిడ టీకొట్టు దగ్గర చెబితే, "నిప్పు లేందే పొగ రాదు కదండి," అన్నాడు టీ పోసేవాడు. నా అరికాలి మంట నెత్తికెక్కింది, నాకు అరికాళ్ళు లేకపోయినా సరే. నిప్పూ లేదు, పొగా లేదు, రంగు డబ్బా ఒలికింది అంతే. ఎవరితో చెప్పుకోను? మైదానం ఖాళీ అయిపోయింది. మూలనున్న కుట్టుమిషను మళ్ళీ గదిలోకి వచ్చింది. అన్నాళ్ళుగా పదిమందికి ధైర్యం నేర్పిన మనిషి మళ్ళీ తల వంచుకుని జాకెట్లకి హుక్కులు కుట్టడం కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని.

ఒకరోజు ఆవిడ కుడుతున్న బట్ట పక్కన పడేసి, నన్నెక్కి నేరుగా భానుగుడి వెళ్ళారు. నన్ను అద్దాల తలుపు ముందే ఆపారు. తలుపు తెరిచే ఉంది, లోపలి మాటలన్నీ విన్నాను. ప్రణవి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"బొట్టు పెట్టింది నువ్వే కదా తల్లీ. పొగ కూడా నువ్వే పెట్టావా?" అన్నారు రత్నం గారు, గొంతు పెంచకుండా.

 సుహాస్ గారు నవ్వుతూ లోపల్నించి వచ్చారు. "కూర్చోండి మేడం. అది ఉత్త సింబలండి. మీ బండి కాదనుకోండి."

"నా పేరు రాసుందండి దాని మీద."

"అదేనండి నేటివిటీ."

"నా పేరు మీకు నేటివిటీ ఏంటండి? నాకది తిండండి," అన్నారు రత్నం గారు. "పిల్లలు రావడం మానేశారు. బొమ్మ తీసెయ్యండి బాబూ, ఇంకేం అడగను."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారే, అలా ఉంది ఆయన వాలకం. బొమ్మ వల్లే కదా యాప్ ఆడుతోంది, ఎలా తీస్తారు? ఆయనకి చటుక్కున ఒక ఆలోచన వచ్చింది. మునిసిపల్ మైదానంలో పెద్ద సభ పెడుతున్నారట. రత్నం గారు వేదిక ఎక్కి, ఇన్నాళ్ళూ నా బండి ఊరికి పొగ పెట్టింది, సిగ్గుపడుతున్నాను, క్షమించండి అని మైకులో ఒక్క మాట చెప్పాలి. తెరమీద మీట నొక్కి నన్ను పేల్చాలి. ఆ పక్కనే క్రేను నన్ను నిజంగానే లేపి తుక్కు లారీలో వేస్తుంది. అంతటితో ఆవిడకి కొత్త కరెంటు స్కూటర్ బహుమానం. "రేపట్నించి ఊరంతా మీ దగ్గరికే వస్తారు మేడం. పొగ మేడం పోయి పచ్చ మేడం అయిపోతారు," అన్నారు.

ఆవిడ ఒప్పుకున్నారు. దాచడమెందుకు, నాకు ఆవిడ మీద కూడా మండింది. తిరిగొస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హ్యాండిల్ మీద వేళ్ళు ఆడిస్తూ, "ఏం చెయ్యమంటావే? బండి లేకపోయినా బతుకుతాను, పిల్లలు రాకపోతే ఎలా?" అని నాతో అన్నారు. నేనేం చెప్తాను? చావమంటే చస్తాను, కాని చేయని తప్పు నెత్తినేసుకుని చావమంటే ఎలా ఒప్పుకోను? నాకు నోరుంటే ఆ కూడలిలోనే అరిచేదాన్ని.

సభ సాయంత్రం జరిగింది. పెద్ద పందిరి, వేదిక మీద గోడంత తెర, దాని పక్కన మెట్ల కింద నేను. నా వెనక తుక్కు లారీ. కరెంటు బళ్ళ గొప్పతనం చెప్పే ఆ సభకి కరెంటు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? పందిరి వెనక ఒక డీజిలు జనరేటర్ పెట్టారు. అది గుడగుడమంటూ నల్లటి పొగ ఆకాశంలోకి వదుల్తోంది. ఆ వెలుతుర్లో, ఆ తెరమీద, నాకు లేని పొగ చూపిస్తున్నారు. ముందు వరసల్లో కొత్తగా కరెంటు స్కూటర్లు కొన్న ఆడవాళ్ళని కూర్చోబెట్టారు. నేను ఒక్కొక్కరినే చూశాను. దాదాపు అందరూ నాకు తెలిసినవాళ్ళే. ఎవరు ఎడమవైపు ఒరుగుతారో, ఎవరు భయమేస్తే రెండు కాళ్ళూ కిందికి జారేస్తారో నాకు తెలుసు.

రత్నం గారు మైకు పట్టుకున్నారు. "నమస్కారమండి. ఇన్నాళ్ళూ నా బండి..." అని ఆగిపోయారు. సుహాస్ గారు పక్కనుంచి మాట అందించారు. ఆవిడ ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

"నేను చెప్పలేనండి. కరెంటు బండి మంచిదేనండి. నేనూ కొనుక్కుంటాను, మీరూ కొనుక్కోండి. నా బండి ముసలిదైపోయింది, అదీ నిజమే. కాని పొగ మాత్రం అబద్ధమండి. దీని మీద నేర్చుకున్నోళ్ళు మీలో చానామంది ఉన్నారు. దీని వెనకాల పరిగెత్తేరు. పొగొచ్చిందో లేదో ఒక్కరు చెప్పండి, చాలు."

ఎవరూ లేవలేదు. ఒకావిడ చెంగు సర్దుకుంది. ఒకావిడ ఫోనులోకి చూసింది. నా మీంచి పడి, నన్ను పట్టుకుని లేచి, నా లైటుకి బొట్టు పెట్టి, ఇప్పుడు తమ తమ బళ్ళ మీద రాజ్యాలేలుతున్న ఆ తల్లులందరికీ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టయింది. పొగ బండి మీద నేర్చుకున్నామని నలుగురిలో చెప్పుకోవడం నామోషీ కాబోలు. అబద్ధం ఆడిన సుహాస్ గారి మీద కన్నా నిజం తెలిసి కూర్చున్న వాళ్ళ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆవిడ మాట కప్పెయ్యడానికి పాట పెట్టమని సుహాస్ గారు చెయ్యి ఊపారు.

పాట రాలేదు. వేదిక పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నది ప్రణవి. తెరమీద నా బొమ్మ కాసేపు వణికినట్టయి, పొగ మాయమైపోయింది. ఎండిన చెట్టు పచ్చగా అయింది. కత్తిరించిన చోట రత్నం గారు వచ్చారు, ఆవిడ పక్కన నోటినిండా కాజా పెట్టుకుని నవ్వుతున్న ప్రణవి వచ్చింది. ఆ పిల్ల మెట్లెక్కి మైకు దగ్గరికి వచ్చింది. మొదటిరోజు నా హ్యాండిల్ పట్టుకున్నట్టే మైకుని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"నేను నేర్చుకున్నది ఈ బండి మీదేనండి," అంది. "పొగ రాలేదు. నేను గీశాను."

అంతే చెప్పింది.  సుహాస్ గారు మైకు లాక్కుని టెక్నికల్ ప్రాబ్లం అన్నారు. తుక్కు లారీ నన్ను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. కొత్త స్కూటర్‌ని రిబ్బనుతో సహా తిరిగి లోపలికి తోసుకుపోయారు.

మర్నాడే ప్రణవి ఉద్యోగం పోయింది. మైదానానికి వచ్చి నా సీటు మీద కూర్చుని ఉన్నదంతా చెప్పి ఏడ్చింది. రత్నం గారు మంచినీళ్ళిచ్చారు. "గీసేటప్పుడు నేను గుర్తు రాలేదా?" అని అడిగారు. "వచ్చారండి. టైము లేదండి," అంది ఆ పిల్ల. నా మనసు పూర్తిగా కరగలేదు. యాప్‌లోంచి నన్ను తీసేశారు. నేను లేకపోయేసరికి పేల్చడానికి సరదా లేదని జనం దాన్ని వదిలేశారు.

ఆడవాళ్ళు మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు. సభలో నోరు విప్పనివాళ్ళు తమ చెల్లెళ్ళనీ కూతుళ్ళనీ వెంటబెట్టుకొచ్చి, "మేం అప్పుడే అనుకున్నామండి, అంతా అబద్ధమని," అన్నారు. రత్నం గారు, "అలాగాండి," అని ఊరుకుని వాళ్ళకి నేర్పారు. నాకయితే ఒక్కొక్కరినీ గుంటలో పడెయ్యాలనిపించింది. పడెయ్యలేదు. కొన్నాళ్ళకి ఆవిడ అన్న మాట ప్రకారం వాయిదాల మీద ఒక కరెంటు స్కూటర్ కొనుక్కున్నారు. దాని రేకు మీద అదే పేరు రాయించారు. అది మంచి బండే, చప్పుడు చెయ్యదు, దాని మీద నాకేం పేచీ లేదు.

నన్ను ఇక్కడికి తోసుకు రాలేదు, లారీలో వెయ్యలేదు. తనే నడుపుకుంటూ తెచ్చారు. ఇనుము కొట్టు వెంకన్న బీడీ వెలిగించుకుంటూ, ఆ మూల పెట్టమన్నాడు. ఆవిడ దిగారు. ఇంజను ఆపకుండా, నడుము దగ్గర దోపుకున్న తెల్ల చేతిగుడ్డ తీసి నా వెనక గొట్టం దగ్గర పట్టి, అతనికి చూపించారు.

"చూడండి. ఈ బండి ఏనాడూ పొగ వదల్లేదు."

వెంకన్న ఆ గుడ్డ వంకైనా చూడలేదు. "తూకానికి పొగతో పనేంటమ్మా?" అన్నాడు.

"మీకు లేదండి, నాకుంది," అని ఆవిడ గుడ్డ మడిచి పెట్టుకుని ఇంజను ఆపారు.